బకాయిల బాబాయ్

బకాయిల బాబాయ్ లేని చుట్టరికం ఉండదు. పేరు ఏదైనా కావచ్చు, ఉద్యోగం ఏదైనా కావచ్చు, పూట భోజనం తప్పితే మాత్రం ఊరుకోడు. మీటింగు సాగిందనో, రైలు లేటయిందనో మధ్యాహ్నం తినడం కుదరలేదనుకోండి, ఆయన దృష్టిలో ఆ భోజనం పోయినట్టు కాదు, పెండింగులో పడ్డట్టు. డీఏ ఎరియర్స్ ఎప్పటికో ఒకప్పటికి జీవోతో వస్తాయి. మధ్యాహ్నపు పప్పన్నం మాత్రం ఆ రాత్రికే, రొక్కంగా, పిన్ని చేతి మీదుగా రావాలి.

పదిన్నరకు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే క్లెయిము పెడతాడు.

“పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదే!”

పిన్ని ఆడిట్‌లో ఆరితేరిన మనిషి. “టీలు ఎన్ని తాగారేంటి?”

“టీ కూడా తిండేనా?”

నాలుగు టీలట. ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార, అంటే పాల సంగతి వదిలేసినా కప్పుకి దాదాపు 40 కేలరీలు. నాలుగింటికి ఎవరిదో పుట్టినరోజు కేకు. ఐదింటికి ఉల్లిపాయ దట్టించిన మిర్చి బజ్జీలు, అవీ రెండే, అందరూ తింటుంటే బాగోదని. ఇవేవీ తిండి పద్దు కిందికి రావు. మర్యాద పద్దు కింద పోతాయి.

ఇక కంచం ముందు కూర్చుంటాడు. మొదట రాత్రి వాటా: దోసకాయ పప్పు, నెయ్యి, దొండకాయ వేపుడు, చారు, పెరుగు. ఆ తర్వాత మధ్యాహ్నం వాటా, మళ్లీ పప్పు దగ్గర్నుంచి. పెరుగన్నం దాకా వచ్చినవాడు తిరిగి పప్పులోకి వెళ్లడమన్నది మన భోజనాల వరసలోనే లేదు. బాబాయ్ వెళ్తాడు.

ఒక్కోసారి మూత తియ్యని లంచ్ బాక్సే బ్యాగులోంచి బయటికొస్తుంది. పొద్దున ఎనిమిదింటికి సర్దిన అన్నం, మే నెల ఎండలో పద్నాలుగు గంటలు ఊరేగి వచ్చింది. “వేడి చేసి పెట్టు, అన్నం పారేస్తే పాపం” అంటాడు. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉంటుంది. దాని స్పోర్లు ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పిన్నికి ఆ పేరు తెలీదు. మూత తీసి వాసన చూసి చెత్తబుట్టలో వేస్తుంది. కాబట్టి ఆ వాటా కూడా కొత్తగా వండిందాంట్లోంచే చెల్లించాలి.

చిక్కేమిటంటే, ఒంటికి ఈ జీవోలు అందవు. పూట తప్పగానే అది కంగారుపడి చేతులెత్తెయ్యదు. కాలేయంలో దాదాపు 100 గ్రాముల గ్లైకోజెన్ నిల్వ ఉంటుంది, ముందు దాంట్లోంచి తీసి వాడుకుంటుంది. వెనకాల కొవ్వు ఎలాగూ ఉంది. కిలో కొవ్వంటే 7,700 కేలరీలు. 70 కిలోల మనిషిలో 15 కిలోల కొవ్వుంటే, లక్ష కేలరీల పైమాటే. అంత డిపాజిట్ పెట్టుకుని ఒక్క పప్పన్నం కోసం రాత్రి పదిన్నరకు ధర్నా చేస్తున్నాడు బాబాయ్.

పైగా రాత్రి వేసే ఆ ఆకలి మధ్యాహ్నానిది కానే కాదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్‌ను జపాన్ శాస్త్రవేత్తలు 1999లో కనిపెట్టారు. రోజూ తినే వేళకి అది పెరుగుతుంది. తినకపోయినా కాసేపటికి తనంతట తనే తగ్గుతుంది. ఒంటిగంటకు నకనకలాడిన కడుపు మూడింటికి ఊరుకునేది అందుకే.

2013లో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ తప్పిన పూట సంగతినే లెక్కగట్టి చూశారు. 600 కేలరీలకు పైనే ఉండే టిఫిన్‌ని విద్యార్థుల చేత మాన్పిస్తే, మధ్యాహ్నం అదనంగా తిన్నది 150 లోపే. పొద్దుపోయే సరికి మొత్తం మీద దాదాపు 400 కేలరీలు తక్కువే తిన్నారు. కుర్రాళ్లు, పైగా ముందున్నది కోరుకున్నంత తిండి, అయినా బకాయి వసూలు చేసుకోలేదు. అంతకు చాలా ముందే, 1955లో అచ్చయిన బ్రిటిష్ పరిశోధన ఒకటుంది. పన్నెండుమంది సైనిక క్యాడెట్లు రెండు వారాలపాటు ఎంత తిన్నారో, ఎంత శక్తి ఖర్చుపెట్టారో రోజువారీ లెక్కగట్టారు. ఏ రోజు శ్రమకీ ఆ రోజు తిండికీ పొంతన కుదరలేదు. రెండు వారాలూ కలిపి చూస్తే సరిపోయింది. ఒళ్లు లెక్క చూస్తుంది గానీ, రాత్రి పన్నెండింటికల్లా పద్దు మూసెయ్యాలన్న తొందర దానికి లేదు.

ఆ తొందరంతా బాబాయ్ వాళ్ల అబ్బాయిది. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్, ఫోన్‌లో కేలరీల యాప్. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో, కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాడికి రోజుకు 2,110 కేలరీలని ఉంది. అది సగటు. అబ్బాయికి మాత్రం అది మంజూరైన బడ్జెట్. పదకొండు నలభైకి యాప్‌లో ఇంకా 700 ఆకుపచ్చగా కనిపిస్తే, మార్చి 31 రాత్రి బిల్లులు పాస్ చేయించినట్టు బిర్యానీ ఆర్డర్ పెడతాడు. బిర్యానీ 700 దగ్గర ఆగుతుందా? ఆ పైదాన్ని యాప్‌లో ఎక్కించడు.

వంశంలోనే ఉంది. బాబాయ్‌కి శనివారం ఒక్కపొద్దు. రాత్రి అన్నం ముట్టడు, అంత నిష్ఠ. ఫలహారం మాత్రమే, అంటే నాలుగు పెసరట్లు, ఉప్మాతో. పెసలు ఎంత తేలికైనా, అట్టు అంచు వెంబడి తిరిగే నూనె చెంచాకు 40 కేలరీలకు తక్కువ ఉండదు. పద్దులో మాత్రం అది ఉపవాసం.

ఇంతకీ ఈ లెక్క ఒకవైపే నడుస్తుంది. ఆదివారం పెళ్లిలో బూరెలు, పులిహోర, రెండు రకాల ఐస్‌క్రీములు తిన్నందుకు సోమవారం రికవరీ పెట్టిన దాఖలా ఒక్కటీ లేదు. అందరికీ వడ్డించి, చివర్న అడుగూబొడుగూతో సరిపెట్టుకునే పిన్ని ఇన్నేళ్లలో ఒక్క పూట ఎరియర్స్ కూడా అడగలేదు. అడిగితే చెల్లించే ఆఫీసు కూడా ఆ ఇంట్లో లేదు.

నిజంగా పూట తప్పకూడని వాళ్లున్నారు. బాబాయ్ స్నేహితుడు ఒకాయన షుగర్‌కి గ్లిమిపిరైడ్ వేసుకుంటాడు. అలాంటి మాత్రగానీ ఇన్సులిన్‌గానీ తీసుకుని తినకపోతే చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతుంది. అప్పుడు మూడు చెంచాల పంచదారో, గ్లూకోజో వెంటనే నీళ్లలో కలిపి తాగాలి, పావుగంటకు షుగర్ చూసుకోవాలి, కుదుటపడ్డాక మామూలుగా తినాలి. రెట్టింపు తినమని అక్కడా ఎవరూ చెప్పరు. “పూట తప్పితే మావాడు పడిపోబోయాడు తెలుసా?” అని బాబాయ్ ఈ కేసును ప్రతిచోటా ఉదహరిస్తాడు. ఆయనకి షుగర్ లేదు.

మొన్న జనరల్ చెకప్‌లో డాక్టరుగారు విషయం తేల్చేశారు. తప్పిన పూట తప్పినట్టే వదిలెయ్యమని, తర్వాతి పూట మామూలుగా తినమని, ఆకలి ఇంకాస్త ఉంటే ఇంకాస్త తినమని, అంతే. బాబాయ్ బుద్ధిగా తలూపాడు. ఎరియర్స్ మాట ఆ రోజు నుంచి ఎత్తలేదు కూడా.

“రేపు తెల్లారగట్లే ప్రయాణం కదే, దారిలో ఏం దొరుకుతుందో ఏమో” అంటూ నిన్న రాత్రి పెరుగన్నం దాటి పప్పులోకి వెళ్లాడు. ఇది బకాయి కాదట, అడ్వాన్సట.