తొట్టి తెచ్చిన తగువు

మా బావమరిదికి గాజంటే చిన్నచూపు. చేపల తొట్టి కొంటే అక్రిలిక్‌దే కొనాలంటాడు. "బావా, గాజులో సగం బరువు కూడా ఉండదు. వెలుతురు 92 శాతం లోపలికి వెళ్తుంది. సుత్తితో కొట్టినా పగలదు!" ఇంట్లో చేపల తొట్టిని సుత్తితో కొట్టే పని ఎవరికి పడుతుందో నేనడగలేదు.

దుబాయ్ మాల్ చూసొచ్చాక మరీ రెచ్చిపోయాడు. అక్కడి చేపల తొట్టి అక్రిలిక్ పలక దాదాపు 33 మీటర్ల వెడల్పు, 75 సెంటీమీటర్ల మందం. "అంత సముద్రాన్నే ఆపుతోంది, మన మూడడుగుల తొట్టి ఓ లెక్కా?" నేనూ తగ్గలేదు. 2022 డిసెంబర్ 16న తెల్లారకముందే బెర్లిన్‌లో ఆక్వాడోమ్ అనే పెద్ద చేపల తొట్టి పగిలి, పది లక్షల లీటర్ల నీళ్ళు హోటల్లోంచి వీధిలోకొచ్చి పడ్డాయి. అదీ అక్రిలిక్కే. ఎందుకు పగిలిందో నిపుణులే కచ్చితంగా తేల్చలేకపోయారు. "అది జర్మనీ కదా బావా" అన్నాడు, దుబాయ్‌ది మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నట్టు.

పగలడం మాట అటుంచండి, అసలు గండం తుడవడంలో ఉంది. మా బోరు నీళ్ళకు నెల తిరక్కుండానే నీటి అంచున తెల్లటి చార కడుతుంది. గాజైతే బ్లేడు ఏటవాలుగా పెట్టి గీకితే పెచ్చులుగా ఊడొస్తుంది. అక్రిలిక్ మీద బ్లేడు పెడితే చారతోపాటు తొట్టీ లేస్తుంది. మావాడు చివరికి అక్రిలిక్‌దే కొన్నాడు. వాళ్ళ పనమ్మాయి శ్రద్ధగలది. గిన్నెలు తోమే పీచుతోనే తొట్టినీ తోమింది. పీచులో ఇరుక్కున్న ఇసుక రేణువు ఎటు తిరిగితే అటు ఓ సున్నా. ఆపైన అద్దాలు తుడిచే నీలం నీళ్ళు చిలకరించింది. అందులో అమ్మోనియానో ఆల్కహాలో ఉంటే అక్రిలిక్‌లో సన్నటి పగుళ్ళు పుట్టుకొస్తాయి.

గాజుకు రోగాల్లేవని కాదు. అడుగున థర్మాకోల్ వెయ్యకపోతే చిన్న రాయి ముక్క చాలు పగలడానికి. సిలికాన్ అతుకు పది పదిహేనేళ్ళకు ఎండి పట్టు వదులుతుంది. గీకేసి కొత్తది పట్టించుకోవాలి. అక్రిలిక్ అతుకులు పలకలు కరిగి ఒకటైపోయినవి కాబట్టి, అక్కడ మాత్రం వాడికి మార్కులు వేస్తాను.

మొన్న శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న మా అత్తగారు వాడి తొట్టి ముందు కూర్చున్నారు. ఒక కన్ను మూసి చూశారు. రెండోది మూసి చూశారు.

"ఒరేయ్, ఆ డాక్టరు సరిగ్గా తియ్యలేదురా!"

వాడు నా వైపు చూడకుండా, "రేపు తీసుకెళ్తాలేమ్మా" అన్నాడు.