పావుకిలో క్రీము

బెజవాడలో మే నెలంటే పెద్దవాళ్ళకే ఒంటి మీద గుడ్డ బరువనిపించే కాలం. సరిగ్గా అప్పుడే మా బుజ్జిదాని బుగ్గల మీద ఎర్రగా, గరుగ్గా మచ్చలు లేచాయి. ఆ తర్వాత మోచేతులకీ, మెడ మడతల్లోకీ పాకాయి. గోక్కునే నేర్పు ఇంకా రాని వయసు. అందుకని ఎత్తుకున్నవాళ్ళ భుజానికేసి మొహాన్ని అటూ ఇటూ రాపాడించేస్తుంది. చూసేవాళ్ళకి అది ముద్దులా కనిపిస్తుంది. "నాన్నంటే ఎంత ఇదో చూడండి!" అని పక్కింటావిడ మురిసిపోయింది. ఊరికే వచ్చిన పేరు, కాదనడం ఎందుకని నేనూ ఊరుకున్నాను.

ఇక ఇంట్లో వైద్యులు బయల్దేరారు. కింది వాటావాళ్ళు వేడి చేసిందన్నారు. మా అత్తగారు దిష్టి అని తేల్చి అప్పటికప్పుడు ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసేశారు. ఆ ఘాటుకి పిల్లతో సహా అందరం దగ్గాం. "చూశారా, ఎంత దిష్టో!" అన్నారావిడ. మా మేనత్త ఫోన్లోనే విచారణ జరిపి, పాలిచ్చే తల్లి ఆవకాయ తినడమే మూలకారణమని తీర్పు చెప్పేసింది. మా అమ్మది ఒకటే మాట. సున్నిపిండితో నలుగు పెట్టి, మరిగే నీళ్ళు తొరిపి పోస్తే ఏ చర్మమైనా దారికొస్తుందట. "వీణ్ణీ ఇలాగే పెంచాను" అని సాక్ష్యంగా నన్ను చూపించింది. ఆ సాక్ష్యం చూశాకే మా ఆవిడ డాక్టరు దగ్గరికి పదండి అంది.

డాక్టరమ్మ చూడగానే ఎగ్జిమా అంది. చర్మం పైపొరలో ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ ఒకటి ఉంటుందట. చాలామంది ఎగ్జిమా పిల్లల్లో అది తక్కువ. దాంతో చర్మంలో తేమ నిలవదు, బయటి చికాకులు లోపలికి దూరిపోతాయి. చలికాలం ఆరిపోయి దురద, ఎండాకాలం చెమటలోని ఉప్పుకి మంట. "ఇది కొంత వంశంలో వస్తుంది. మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఉబ్బసం గానీ, పొద్దున్నే తుమ్ములు గానీ ఉన్నాయా?" అని అడిగింది. అమ్మా, అత్తగారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందుగా ఎవరూ నోరు విప్పలేదు. కాసేపటికి మా మామగారి తుమ్ములు బయటపడ్డాయి, వెంటనే మా బాబాయి ఉబ్బసం. పెళ్ళిచూపుల్లో రెండువైపులా దాచిపెట్టుకున్న జబ్బులన్నీ ఆ గదిలో వరసగా నిలబడ్డాయి. ఆవకాయ మీద మాత్రం కేసు కొట్టేశారు. ఊరికే తల్లికి పథ్యాలు పెట్టొద్దంది డాక్టరమ్మ.

తర్వాత చీటీ. గోరువెచ్చటి నీళ్ళు, అదీ ఐదు పది నిమిషాలే. సున్నిపిండి వద్దు, నురుగొచ్చే సబ్బు వద్దు. తువ్వాలుతో అద్దాలే గానీ తుడవకూడదు. ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే క్రీము. ఎంత? వారానికి పావుకిలో దాకా పట్టొచ్చంది. "పావుకిలోనా? అదేం కందిపప్పా?" అంది మా అమ్మ. ఎండాకాలం మరీ జిడ్డుగా ఉండే ఆయింట్‌మెంట్ వేస్తే కింద చెమట ఊరి ఇంకా చికాకట, అందుకని పగలు పల్చటి క్రీమే.

ఎర్రబడ్డచోట మాత్రం తేలికరకం స్టెరాయిడ్, చెప్పినన్ని రోజులే. ఆ మాట చెవిన పడగానే మా అత్తగారు కుర్చీ అంచుకి వచ్చేశారు. వేలి చివరి కణుపు పొడుగున గీసినంత మందు రెండు అరచేతులంత మేరకి సరిపోతుందని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. దాని మీద ఇంటికొచ్చాక పెద్ద చర్చ. ఎవరి వేలు? ఎవరి అరచేయి? మా మామగారి వేలు బెండకాయంత ఉంటుంది. పెద్దవాళ్ళ వేలంటే పెద్దవాళ్ళ వేలేనని మా ఆవిడ తన వేలు చాపి సభ ముగించింది.

అసలు చిక్కు ఏమిటంటే, ఈ వైద్యంలో చేసేదానికన్నా మానేసేదే ఎక్కువ. మా ఇంట్లో ఏదైనా చెయ్యమంటే నలుగురు లేస్తారు. ఊరుకోమంటే ఒక్కరూ ఊరుకోరు. సాంబ్రాణి పొగ మానమంటే మా అత్తగారు మొహం ముడుచుకున్నారు. పౌడరు వద్దంటే, "మరి పిల్ల పిల్లలా ఉండొద్దూ?" అన్నారు. గోళ్ళు పొట్టిగా తీయమంది కదా డాక్టరమ్మ, నిద్రలో తీయకూడదట, దీపాలు పెట్టాక తీయకూడదట, మంగళ, శుక్రవారాలు అసలే పనికిరాదట. మిగిలిన వేళల్లో తీద్దామంటే పిల్ల మేలుకుని ఉంటుంది.

అన్నిటికన్నా చూడాల్సింది మా అమ్మ లాలపోయడం. పీట మీద కాళ్ళు చాపి, వాటి మీద పిల్లని బోర్లా పడుకోబెట్టుకుంటుంది. చెంబెత్తగానే కుడిచేయి దానంతటదే రుద్దడానికి వెళ్ళిపోతుంది. "అత్తయ్యగారూ, రుద్దొద్దు" అని మా ఆవిడ గుమ్మంలోంచి. చేయి గాల్లో ఆగుతుంది. ముగ్గురు పిల్లల్ని, ఏడుగురు మనవల్ని తోమిన చేయి మరి, ఏం చెయ్యాలో తోచక కాసేపు తన మోకాలునే రుద్దుకుంటుంది. తువ్వాలు దగ్గరా అంతే. "అద్దండి, అద్దండి" అంటుంటే, కాగితం మీద ఒలికిన సిరా అద్దినట్టు అద్ది, "ఇదేం స్నానమే తల్లీ, చుట్టాలింటికి పోయినట్టుంది" అని పిల్లతో చెప్పుకుంటుంది.

మధ్యాహ్నం కరెంటు పోతే పాత పంచె చింపిన మెత్తటి గుడ్డ తడిపి మెడ మడతల్లో చెమట అద్దడం, మళ్ళీ క్రీము. ఏసీ వేస్తే చెమట తగ్గుతుంది గానీ చర్మం ఆరుతుంది, మళ్ళీ క్రీము. మందుల షాపతను నన్ను చూడగానే అడక్కుండానే డబ్బా తీస్తున్నాడు.

ఈలోగా వైశాఖంలో పెళ్ళి ఒకటి వచ్చింది. పిల్లకి పట్టులంగా కుట్టించి పంపిన మేనత్త, ఆ లంగా కాకుండా నూలు గౌనులో ఉన్న బుజ్జిదాన్ని చూసి ముందే కాస్త చిన్నబుచ్చుకుంది. బరువైన పట్టుచీరలో వచ్చి చేతులు చాపింది. చాపి ఆగింది.

"ఏవిటి వదినా ఆ మచ్చలు? అంటుకునేవి కాదు కదా?"

"దానిది నీకేం అంటుకోదులే వదినా. నీ జరీయే దాని బుగ్గకి గీసుకుంటుంది. ముందీ తువ్వాలు భుజాన వేసుకో" అంది మా అమ్మ.

మేనత్త తువ్వాలు వేసుకుంది. పిల్లని ఎత్తుకుంటూనే, బంతిలో కూర్చున్న మా ఆవిడ విస్తరి వైపు ఒక చూపు చూసింది. అందులో ఆవకాయ ఉంది. అదీ రెండోసారి వడ్డించుకున్నది.