కోటేరు ముక్కు కర్మాగారం

బ్రహ్మదేవుడు పనిదొంగ. తొమ్మిది నెలలు గడువిచ్చినా బిడ్డను సగం చెక్కి పంపేస్తాడు. ముక్కు చప్పిడి, తల కోల, కాళ్ళు దొడ్డి, వీపంతా నూగు. మిగిలిన పనంతా నీళ్ళు పోసే ఆవిడ నెత్తిన పడుతుంది. ఆవిడ గనక లేకపోతే తెలుగు జాతి మొత్తం చప్పిడి ముక్కులతో, దొడ్డికాళ్ళతో ఊరేగుతూ ఉండేదని మన ఇళ్ళలో ప్రగాఢ విశ్వాసం.

కార్యక్రమం చూడాల్సిందే. ఆవిడ పీట వేసుకుని, చీర మోకాళ్ళ పైకి లాక్కుని, కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. బిడ్డ ఆ కాళ్ళ మీద బోర్లా. మాడుకు దిట్టంగా ఆముదం, ఒంటికి నూనె, ఆ పైన సున్నిపిండి నలుగు. ఇంతవరకూ నాకు పెద్ద పేచీ లేదు. మెత్తటి చేత్తో నూనె రాస్తే బిడ్డకు హాయే. జారిపోయే ఆ గుప్పెడంత ఒంటిని ఒక్క చేత్తో తిరగెయ్యడం మనలాంటి వాళ్ళకు చేతకాదు కూడా. అసలు శిల్పకళ మొదలయ్యేది బిడ్డను వెల్లకిలా తిప్పాక. రెండు వేళ్ళతో కళ్ళ మధ్య నుంచి ముక్కును కిందికి లాగడం, తలను రెండు అరచేతుల మధ్య పెట్టి ఒత్తడం, కాళ్ళు సాగదియ్యడం. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. ఏడిస్తే ఊపిరితిత్తులకు బలమట. ఆ తర్వాత సొమ్మసిల్లి మూడు గంటలు కదలకుండా పడుకుంటే, “చూశారా, నీళ్ళు పోస్తే ఎంత హాయిగా నిద్రపోయిందో” అని మురిసిపోతారు.

“అమ్మా, డాక్టరుగారు ముక్కు నొక్కొద్దన్నారు” అని బాలింత నీరసంగా అంటుంది.

“ఊరుకోవే, మీ ముగ్గురికీ నొక్కింది ఎవరనుకున్నావు?”

నిజమే. ఒకే చెయ్యి, ఒకే ఆముదం, ఒకే పీట. ఆ ముగ్గురినీ వరసగా నిలబెట్టి చూడండి. మూడు ముక్కులూ మూడు రకాలు. ఒకరిది కోటేరు, ఒకరిది చప్పిడి, మూడోవారిది ఎటూ తేల్చుకోలేని ముక్కు. కోటేరు తేలితే ఘనత నీళ్ళు పోసిన చేతిది. చప్పిడిగా మిగిలితే “అది వాళ్ళ నాన్న వైపు ముక్కు, దానికి మనమేం చేస్తాం?” ఎన్నటికీ ఓడిపోని శాస్త్రమంటే ఇదే.

ఇందులో అసలు కిటుకు వేళ్ళలో లేదు, క్యాలెండర్లో ఉంది. పుట్టేటప్పుడు ఇరుకుదారిలో తల ఎముకలు ఒకదాని మీదికొకటి జరుగుతాయి, అందుకే ఆ కోల. కొద్ది రోజుల్లో వాటంతటవే సర్దుకుంటాయి. వీపు మీది నూగు కొన్ని వారాల్లో రాలిపోతుంది. గర్భంలో ముడుచుకున్న కాళ్ళ వంపు బిడ్డ నడక నేర్చాక, రెండు మూడేళ్ళు వచ్చేసరికి తీరుతుంది. ఎవరూ ఏమీ చెయ్యకపోయినా జరిగే పనులివి. సరిగ్గా ఆ రోజుల్లోనే మనం పీట వేసుకుని కూర్చుంటాం. సొమ్మొకడిది, సోకొకడిది.

సోకుతో ఆగితే నవ్వుకుని ఊరుకోవచ్చు. తల్లి హార్మోన్ల వల్ల ఆడా మగా తేడా లేకుండా పసిపిల్లల రొమ్ములు కొంచెం ఉబ్బుతాయి, ఒక్కోసారి పాలలాంటి చుక్క కూడా వస్తుంది. వదిలేస్తే వారాల్లో తగ్గుతుంది. మన శిల్పులు వదులుతారా? “పిండకపోతే గడ్డ కడుతుంది” అని పిండుతారు. పిండితే పుండై చీము పట్టేది అక్కడే. ఇక ముక్కులో, చెవిలో రెండేసి చుక్కల నూనె. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా. చివర్లో సాంబ్రాణి. నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీసే బిడ్డను తీసుకెళ్ళి పొగ మీద పెడతాం, జలుబు చెయ్యకూడదని.

నీళ్ళ సంగతీ అంతే. జీవితమంతా మరిగే కాగులో చెయ్యి పెట్టిన మనిషికి వేడి ఏం తెలుస్తుంది? మోచెయ్యి ముంచి చూడమంటే నవ్వుతుంది. గోరువెచ్చగా పోస్తే అసలు నీళ్ళు పోసినట్టే కాదట. ఒళ్ళు ఎర్రబడితే “చూడండి, రంగు తేలుతోంది.”

ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి స్నానానికి 24 గంటలు ఆగమంది. పుట్టినప్పుడు ఒంటి మీదుండే తెల్లటి పూత చర్మానికి కాపలా, తడిపితే ఒళ్ళు చల్లబడుతుంది, అందుకని. ఆచారాల వల్ల అంతసేపు ఆగలేకపోతే కనీసం 6 గంటలైనా ఆగండి అని కూడా రాసింది. ఆ వాక్యం మన అమ్మమ్మల్ని తల్చుకునే రాసి ఉంటారని నాకు గట్టి అనుమానం. జెనీవాలో కూర్చున్నవాళ్ళు కూడా బేరానికి దిగారంటే, పీట మీది మనిషి పలుకుబడి ఏ పాటిదో ఊహించుకోండి.

ఈ శాస్త్రం చేతులెత్తేసేది ఒక్కచోటే, రంగు దగ్గర. పుట్టినప్పుడు గులాబీ రంగులో కనిపించిన బిడ్డ వారాలు గడిచేకొద్దీ తన అసలు ఛాయలోకి వస్తుంది. అదీ ప్రకృతి పనే, అదీ ఆ రోజుల్లోనే. తల గుండ్రంగా అయిన ఖ్యాతిని జమ వేసుకున్న స్నానం, లెక్క ప్రకారం ఈ ఛాయనూ తన ఖాతాలోనే రాసుకోవాలి. రాసుకోదు. శనగపిండి తప్పు లేదు, పాలమీగడ తప్పు లేదు, పసుపు తప్పు అసలే లేదు. ఆడపిల్లయితే విచారణ మరీ కఠినంగా సాగుతుంది. తీర్పు మాత్రం ఎప్పుడూ ఒకటే: కోడలు కడుపుతో ఉన్నప్పుడు కుంకుమపువ్వు సరిగ్గా తాగలేదు, పైగా డాక్టరు మాట విని ఐరన్ మాత్రలు మింగింది.