పిలవని పేరంటానికి రేటు కార్డు

ఆత్రేయపురం పూతరేకుల మీద ఓ పెద్దావిడ బ్లాగు నడుపుతోందనుకోండి. కుండ ఎలా ఎంచుకోవాలి, పిండి ఎంత జారుగా ఉండాలి, మంట ఎక్కడ తగ్గించాలి, ఇవీ ఆవిడ రాసేవి. ఓ ఉదయం ఆవిడకు ఒక మెయిలు వస్తుంది. “డియర్ సర్, మీ అద్భుతమైన వెబ్‌సైటును చాలాకాలంగా అభిమానంతో చదువుతున్నాను. మీ పాఠకులకు ఎంతగానో ఉపయోగపడే వ్యాసం ఒకటి పైసా తీసుకోకుండా రాసిస్తాను.” వ్యాసం శీర్షిక కూడా సిద్ధంగానే ఉంది: టెక్సాస్‌లో ఇంటి పైకప్పు మరమ్మతుకు ఏడు సూత్రాలు.

సర్ అన్నాడని ఆవిడ నొచ్చుకోనక్కర్లేదు. ఆ అభిమాని ఆవిడ బ్లాగు తెరిచిన పాపాన పోలేదు. ఆవిడ అతనికి ఎక్సెల్ షీటులో ఒక వరుస, అంతే. జవాబు ఇవ్వకపోతే మూడోరోజు ఇంకో మెయిలు వస్తుంది, “నా మెయిలు మీ కంట పడలేదేమో” అంటూ. వారం తిరక్కుండా మరొకటి. అప్పులవాడు కూడా ఇంత నియమంగా తిరగడు.

ఈ వ్యాపారాన్ని గెస్ట్ బ్లాగింగ్ అంటారు. పక్కవాడి సైటులో అతిథిగా వ్యాసం రాసి, మధ్యలో మన సైటుకు ఒక లింకు పెట్టుకుని రావడం. చెప్పుకోవడానికి ఎంత మర్యాదగా ఉందో చూడండి. పేరంటానికి వెళ్ళి తాంబూలం పుచ్చుకుని వచ్చినట్టే ఉంటుంది, పిలుపు ఒక్కటీ లేదన్నమాటే గానీ.

అసలు ఆ లింకు కోసం ఇంత ఆత్రం ఎందుకంటే, 1998 దాకా వెళ్ళాలి. స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు విద్యార్థులు ఒక లెక్క కట్టారు. ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇచ్చిందంటే అది ఓటు వేసినట్టు. పలుకుబడి ఉన్న పేజీ వేసే ఓటుకు బరువు ఎక్కువ. పరిశోధన పత్రాల్లో ఎవరు ఎవరిని ఎన్నిసార్లు ఉటంకించారో చూసి పండితుల స్థాయి అంచనా వేసే పద్ధతి నుంచి పుట్టిన ఆలోచన ఇది. దీని మీదే గూగుల్ లేచి నిలబడింది. ఓటుకు విలువ ఉందని నలుగురికీ తెలిశాక ఏమవుతుందో ఆ విద్యార్థులకు ఎవరూ చెప్పినట్టు లేరు. మన మండలంలో ఏ చోటా నాయకుణ్ణి అడిగినా పోలింగుకు ముందురోజు రాత్రి కవర్లు ఎలా కదులుతాయో పూసగుచ్చినట్టు చెప్పి ఉండేవాడు.

ఓటుకు నోటు ఇంటర్నెట్‌లోకి ఇలా వచ్చింది. ఇక్కడ మాత్రం ఎన్నికల సంఘమూ గూగులే, ఓట్లు లెక్కపెట్టేదీ గూగులే, పోలింగు బూతు గోడల మీద ప్రకటనలకు చోటు అమ్ముకునేదీ గూగులే.

ఈ విద్యను హైదరాబాదులో అమీర్‌పేట వెళ్తే నేర్పుతారు. మైత్రీవనం చుట్టుపక్కల మెట్ల మీద, స్తంభాల మీద, లిఫ్టు తలుపుల మీద అతికించిన కోర్సుల కాగితాల్లో డిజిటల్ మార్కెటింగ్ ఒకటి. అందులో ఎస్ఈఓ, అంటే సెర్చ్ ఫలితాల్లో సైటును పైకి లాగే విద్య, ఒక అధ్యాయం, ఆ అధ్యాయంలో లింక్ బిల్డింగ్ ఒక పాఠం. అవకాశాలు వెతకడం అనే మహామంత్రం ఆ పాఠంలో వస్తుంది. గూగుల్ పెట్టెలో మీ రంగం పేరు కొట్టి, పక్కన కొటేషన్ గుర్తుల మధ్య ‘రైట్ ఫర్ అజ్’ అని కొట్టాలి. లేదా ‘గెస్ట్ పోస్ట్ గైడ్‌లైన్స్’ అని. మాకు రాయండి అని తలుపు తెరిచిన సైట్లన్నీ బారులు తీరతాయి. గూగుల్‌ను మోసం చేయడానికి చోటెక్కడ దొరుకుతుందో గూగుల్‌నే అడగడం, అది కూడా బుద్ధిమంతుడిలా జాబితా చేతిలో పెట్టడం! స్టేషనుకు వెళ్ళి ఎస్సై గారినే ఏ ఇంటికి తాళం వేసి ఉందో అడగడానికి మన దొంగలకు ఇంకా ధైర్యం చాలలేదు.

రెండో మంత్రం ఇంకా గొప్పది. పోటీదారుకు ఎక్కడెక్కడి నుంచి లింకులు వచ్చాయో ఏరెఫ్స్, సెమ్‌రష్ లాంటి పనిముట్లలో చూడాలి. చూసి, అతను ఎక్కిన ప్రతి గుమ్మమూ మనమూ ఎక్కాలి. పోటీదారు కూడా అదే కోర్సు చేసి, అదే పనిముట్టులో మన లింకులు చూసుకుంటూ ఉంటాడు. ఇద్దరూ ఒకే నూరు గుమ్మాలు ఎక్కి దిగాక, ఆ గుమ్మాలవాళ్ళు తెలివిమీరి టికెట్టు పెడతారు.

ఆ టికెట్టు రేటు కార్డు చూస్తే కళ్ళు తిరుగుతాయి. మామూలు వ్యాసానికి ఒక రేటు. పాత వ్యాసంలోనే సందు చూసి లింకు దూర్చడానికి ఇంకో రేటు. జూదం, క్రిప్టో, గంజాయి నూనె, విద్యార్థుల బదులు వ్యాసాలు రాసిపెట్టే దుకాణాలు, వీటికైతే రెట్టింపు. పాపానికి రేటు ఎక్కువన్న ధర్మసూక్ష్మం ఈ బజారులో ఇంకా బతికే ఉంది. పదుల డాలర్ల నుంచి వందల డాలర్ల దాకా పలుకుతుంది. మధ్యలో దళారులు. సైటు యజమానికి ఇచ్చేది ఒకటి, కొనేవాడి దగ్గర గుంజేది ఇంకొకటి. ఒకే సైటును ఒకే వాట్సాప్ గుంపులో ముగ్గురు దళారులు మూడు ధరలకు చూపించడం ఇక్కడ మామూలే.

సరుకు నాణ్యత కొలిచే తూనిక పేరు డీఏ, అంటే డొమైన్ అథారిటీ. ఒకటి నుంచి వంద దాకా మార్కులు. మాజ్ అనే ప్రైవేటు కంపెనీ తన అంచనా కోసం తయారు చేసుకున్న లెక్క ఇది. ర్యాంకులకు దీన్ని తాను వాడనని గూగుల్ ఎన్నోసార్లు చెప్పింది. అయినా బజారు మొత్తం దీని మీదే నడుస్తోంది. పరీక్ష పెట్టేది ఒకరు, మనం మురిసిపోయేది ట్యూషన్ మాస్టారు వేసిన మార్కులు చూసుకుని.

ఇందులో అన్యాయంగా బలయ్యేది ఎవరంటే, గాజువాకలో క్లినిక్ పెట్టుకున్న పళ్ళ డాక్టరు లాంటివాళ్ళు. నెలకు ఇరవై బ్యాక్‌లింకుల ప్యాకేజీ అంటగడతారు. నెలాఖరుకు రంగుల పటాలతో రిపోర్టు వస్తుంది: బ్రెజిల్‌లో కుక్కల ఆహారం సైటు నుంచి ఒక లింకు, పోలండ్‌లో తోటపని సైటు నుంచి ఒకటి, ఎక్కడిదో తెలియని ‘డైలీ న్యూస్ టైమ్స్’ నుంచి నాలుగు. డీఏ పద్నాలుగు నుంచి పదహారుకు ఎగబాకిందని ఆకుపచ్చ బాణం. గాజువాకలో దవడ పట్టుకుని అర్ధరాత్రి మూలుగుతున్నవాడు బ్రెజిల్ కుక్కల మీదుగా ఈ క్లినిక్‌కు వస్తాడని డాక్టరు గారు ఎలా నమ్మారో నాకు అంతుపట్టదు. అదే డబ్బుతో గూగుల్ మ్యాప్స్‌లో క్లినిక్ వేళలు, ఫోన్ నంబరు సరిచేయించుకుని, పిప్పి పన్ను పీకడానికి ఎంతవుతుందో తెలుగులో ఒక్క పేజీ రాయించుకుని ఉంటే, ఆ మూలిగేవాడు తెల్లారేసరికి గుమ్మంలో ఉండేవాడు. కానీ అందులో ఆకుపచ్చ బాణం రాదు.

ఇంతకీ ఆ వ్యాసాలు రాసేదెవరు? వ్యాసం కింద రచయిత్రి పరిచయం ఉంటుంది: కాఫీ అంటే ప్రాణం, ప్రయాణాలంటే పిచ్చి, రెండు పిల్లులకు తల్లి. ఫోటోలో నవ్వు అచ్చు టూత్‌పేస్టు ప్రకటనలోది. ఆవిడ చాలావరకు ఉండదు. ఒకప్పుడు ఆవిడ ముసుగులో, పదానికి ఇన్ని పైసల లెక్కన కూలికి రాసే కుర్రాడైనా ఉండేవాడు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఆ కుర్రాడి కూలీ కూడా పోయింది. పోనీ చదివేవాడు ఉన్నాడా? వ్యాసాన్ని ఆసాంతం చూసే ఏకైక ప్రాణి గూగుల్‌బాట్, దానికి ప్రాణం లేదు. యంత్రం రాసి, యంత్రం అచ్చేసి, యంత్రం చదివి, యంత్రం మార్కులు వేసే ఈ మహాయజ్ఞంలో మనిషి వంతు ఒక్కటే, బిల్లు కట్టడం.

పూతరేకుల పెద్దావిడ మెత్తబడి, సరే వేసుకో నాయనా అంటే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. పైకప్పుల వ్యాసం వేసినవాడే వచ్చే నెల ‘ఉదయపు నడక వల్ల లాభాలు’ తెస్తాడు. నాలుగో పేరాలో నడక కాస్తా మలుపు తిరిగి పేకాట యాప్ దగ్గర ఆగుతుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025లో కేంద్రం చేసిన చట్టం వాటి ప్రకటనలనూ నేరం చేసింది. అదే ఏడాది బెట్టింగు యాప్‌లకు ప్రచారం చేశారని తెలంగాణ పోలీసులు సినిమావాళ్ళ మీదా, యూట్యూబు ముఖాల మీదా కేసులు పెట్టారు. తారలకైతే లాయర్లు ఉన్నారు. బెల్లం పూతరేకులకు, పంచదార పూతరేకులకు తేడా చెప్పుకుంటున్న ముసలావిడ తరఫున వకాల్తా ఎవరు పుచ్చుకుంటారు? ఆ కాఫీ ప్రియురాలా?

బతికున్న సైట్లే కాదు, చచ్చినవాటినీ వదలరు. ఎవరో సేవాసంస్థ పెట్టుకున్న సైటు, ఏ బడి పూర్వవిద్యార్థులో నడిపిన పత్రిక, ఏటేటా కట్టాల్సిన సొమ్ము కట్టక డొమైన్ జారిపోతుంది. దాన్ని వేలంలో కొని, పాత లింకుల పలుకుబడి చెక్కుచెదరకుండా ఉండగానే లోపల జూదం వ్యాసాలు నింపుతారు. గూగుల్ 2024 మార్చిలో దీన్ని స్పామ్ కింద చేర్చింది. పేరున్న సైట్లు తమ ఆవరణలో పరాయివాళ్ళ పేజీలకు చోటు అద్దెకివ్వడాన్ని కూడా అప్పుడే చేర్చింది. అందరూ నమ్మే విద్యాసంస్థ సైటులో చేబదులు అప్పుల కంపెనీల సమీక్షలు ఉండటం గూగుల్ తానే చెప్పిన ఉదాహరణ.

అలాగని గూగుల్‌ను సత్యహరిశ్చంద్రుణ్ణి చేయనక్కర్లేదు. 2005లో నోఫాలో అన్న గుర్తు తెచ్చి, ఈ గుర్తున్న ఓటు చెల్లదంది. 2012లో పెంగ్విన్ పేరుతో కొరడా తీసింది. 2014 జనవరిలో ఆ సంస్థ స్పామ్ విభాగానికి అప్పటి పెద్ద మ్యాట్ కట్స్, ర్యాంకుల కోసం చేసే గెస్ట్ బ్లాగింగ్ పని అయిపోయిందని తన బ్లాగులో బాహాటంగా ప్రకటించాడు. రెండు నెలలకు మైబ్లాగ్‌గెస్ట్ అనే పెద్ద అతిథి సంతను గూగుల్ శిక్షించింది. కర్మకాండ పూర్తయి దశాబ్దం దాటినా, ఆ శవం రోజూ పొద్దున్నే లేచి ‘డియర్ సర్’ అని మెయిలు పంపుతూనే ఉంది. ఎందుకంటే లింకుకు ఇప్పటికీ విలువ ఉంది. విలువ ఇచ్చేది గూగులే, కొన్నవాణ్ణి తిట్టేదీ గూగులే. ప్రకటనల మీద బతికే సెర్చ్ ఇంజన్లు సహజంగానే ప్రకటనకర్తల వైపు మొగ్గుతాయని తమ లెక్క గురించి రాసిన 1998 నాటి పరిశోధన పత్రం అనుబంధంలో పేజ్, బ్రిన్ స్వయంగా హెచ్చరించారు. ఆ పేజీకి ఎవరూ సరిపడా లింకులు ఇచ్చినట్టు లేరు, వాళ్ళకే అది మళ్ళీ కనపడలేదు.

సరుకు అమ్ముకోవడం తప్పని నేననను. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో అమృతాంజనం పెట్టారు. ఆ డబ్బుతోనే 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక, 1924లో భారతి తెచ్చారు. ఆయన తలనొప్పి మందు అమ్మి తెలుగువాడికి పత్రిక ఇచ్చాడు. వీళ్ళు పత్రిక పేరుతో తలనొప్పి అమ్ముతున్నారు. లింకులు ఇచ్చిపుచ్చుకోవడం తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు కూడా. లేఖిని అనే పనిముట్టులో తెలుగు టైపు చేసుకుని, కూడలి అనే బ్లాగుల సంకలినిలో ఒకరినొకరు చదువుకున్న తొలితరం బ్లాగర్లు పక్కపట్టీలో తమకు నచ్చిన బ్లాగుల పేర్లు పెట్టుకునేవారు. ఎవరూ ఎవరికీ రేటు కార్డు పంపలేదు. తిట్టుకున్నా, వ్యాఖ్యల్లో పద్యాలతో తిట్టుకున్నారు. చదివాకే తిట్టారు, అది ముఖ్యం.

ఎవరి సైటులోనైనా నిజంగా అతిథిగా రాయాలనుకునేవాడికి దారి ఇప్పటికీ ఉంది. దంతవైద్యుడైతే పిల్లలు పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే పళ్ళు ఎలా పుచ్చిపోతాయో తల్లులు చదివే చోట రాయాలి. కింద పేరు, ఊరు ఉండాలి. అచ్చయ్యాక వచ్చే ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పాలి. లింకు ఉన్నా లేకపోయినా ఆ రాసింది పనికొస్తుంది. ఈ పద్ధతిని కోర్సులో నేర్పరు, ఎందుకంటే దీనికి ముందు ఏదో ఒకటి తెలిసి ఉండాలి.

ఈలోగా బజారు మళ్ళీ వేషం మార్చింది. గూగుల్ ఇప్పుడు జవాబు తానే వండి ఫలితాల నెత్తిన పెడుతోంది, కింది లింకులు నొక్కేవాళ్ళు తగ్గిపోతున్నారు. అద్దె ఆవరణల మీద గూగుల్ కొరడా తమ రాబడిని దెబ్బతీస్తోందని పత్రికలవాళ్ళు గోల పెట్టడంతో 2025 నవంబరులో యూరోపియన్ కమిషన్ విచారణ మొదలుపెట్టింది. ఇవేవీ దళారులను కంగారుపెట్టలేదు. చాట్‌జీపీటీ చెప్పే జవాబుల్లో మీ కంపెనీ పేరు రావాలంటే ఫలానా సైట్లలో అతిథి వ్యాసాలు ఉండాలని కొత్త పాట ఎత్తుకున్నారు. పాత రేటు కార్డులో ఎస్ఈఓ కొట్టేసి జీఈఓ, అంటే జనరేటివ్ ఇంజన్ ఆప్టిమైజేషన్, అని రాశారు. సైట్లు అవే, కాఫీ ప్రియురాలూ ఆవిడే. రేటు మాత్రం పెరిగింది.