నలభై పిన్నుల వాకిలి

ఇంటి టీవీకే తగిలించుకుని నడుపుకోగల చిన్న కంప్యూటర్లను గృహ కంప్యూటర్లు అనేవారు. ఇక్కడ మనం కథ చెప్పుకుంటున్న యంత్రం ఆ కోవకు చెందిన బీబీసీ మైక్రో. కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ సంస్థ 1981లో బ్రిటిష్ ప్రసార సంస్థ కోసం రూపొందించిన ఈ జాతి, 1984లో భారత ప్రభుత్వం సుమారు 250 పాఠశాలలతో ఆరంభించిన ‘క్లాస్’ పథకం ద్వారా మన బడుల్లోకి వచ్చింది. హైదరాబాద్‌లోని కుషాయిగూడలో ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ అంతకు చాలా ముందే టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారు చేసినప్పటికీ అది శాస్త్రవేత్తల యంత్రం కాగా, చెప్పులు గుమ్మం బయట విడిచి, గుడ్డ ముసుగు తీసి, ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒకే కీబోర్డు ముందు సర్దుకుని కూర్చున్నది మాత్రం ఈ యంత్రం దగ్గరే.

దీని జ్ఞాపకశక్తి, అంటే పని నడుస్తున్నంతసేపు సమాచారాన్ని నిలిపి ఉంచే మెమొరీ, 32 కిలోబైట్లు. రంగులు ఎక్కువగా కావాలంటే అందులో 20 కిలోబైట్లు తెరకే ఖర్చయ్యేవి. క్యాసెట్ నుంచి సెకనుకు 1200 బిట్ల చొప్పున ప్రోగ్రాం ఎక్కేది కనుక కాస్త పెద్దదైతే మూడు నిమిషాలు కాచుకోవలసి వచ్చేది. కొత్త కంప్యూటర్లు వచ్చాక బీరువా మీదికీ, అక్కడి నుంచి తుక్కు బస్తాలోకీ చేరిన ఈ యంత్రం, చివరకు నాచారం పారిశ్రామికవాడలో సర్క్యూట్ బోర్డులు బాగుచేసే ఒకరి బల్ల మీద తేలింది. ఆయన ముందుగా పవర్ సప్లై విప్పి, ఏళ్ల తరబడి తేమ పీల్చి పగుళ్లిచ్చిన కాగితపు కెపాసిటర్లను తీసి కొత్తవి అతికాడు. అలా చేయకుండా కరెంటిస్తే అవి పొగలు కక్కి కాలిపోయే ప్రమాదం ఉంది.

పాత యంత్రాల మీద ఆసక్తి మళ్లీ చిగురించడానికి చిన్ననాటి ముచ్చటే కారణమని సాధారణంగా అంటారు గానీ, ముచ్చట ఒక్కటే అయితే జనం వీటిని అద్దాల బీరువాలో పెట్టి ఊరుకునేవారు. ఈ యంత్రాన్ని నిలబెట్టింది దీని అడుగున రూపకర్తలు తెరిచి ఉంచిన వాకిళ్లు, అంటే బయటి పరికరాలను తగిలించే సాకెట్లు. వాటిలో యూజర్ పోర్టుకు ఒక మెమొరీ కార్డును, లోపలి ఖాళీ సాకెట్‌కు దాన్ని చదివే చిప్‌ను తగిలించగానే, మూడు నిమిషాల నిరీక్షణ రెప్పపాటుకు దిగింది. ‘ట్యూబ్’ అనే నలభై పిన్నుల వాకిలి మరింత విలువైనది: రెండో ప్రాసెసర్‌ను, అంటే లెక్కల భారం పంచుకునే మరో మెదడును, జోడించడానికి ఉద్దేశించిన దీని ద్వారానే ఏకార్న్ ఇంజనీర్లు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన తొలి ఆర్మ్ ప్రాసెసర్ 1985 ఏప్రిల్ 26న పని మొదలుపెట్టింది. నేటి మొబైల్ ఫోన్లలో నడుస్తున్నది ఆ వంశమే. అరచేతిలో ఇమిడే రాస్‌ప్‌బెర్రీ పై బోర్డులోనూ అదే వంశపు ప్రాసెసర్ ఉంది. ‘పైట్యూబ్‌డైరెక్ట్’ సాఫ్ట్‌వేర్‌తో, వోల్టేజి తేడాను సర్దే చిన్న పలకతో దాన్ని ట్యూబ్‌కు కలిపితే, ఈ ఇంట పుట్టిన బిడ్డ మనుమడే తిరిగి వచ్చి ఇంటికి చేదోడైనట్టే. ఇంత జరిగినా పాత బోర్డు మీద ఒక్క గీతనైనా కోయనవసరం రాలేదు.

బస్తాలో యంత్రంతోపాటు దొరికిన ఒక క్యాసెట్‌ను ఆయన పాత పద్ధతిలోనే నడిపి, అందులోని ఎక్కాల ప్రోగ్రాంను కార్డులోకి ఎత్తి, తెర మీద పరిచి చూస్తే, దాని మొదటి వరుసలో ఇలా ఉంది: తొమ్మిదో తరగతి, బి సెక్షన్.