ఉమ్‌గేనీ ఈదిన తెడ్డు

నా ఒంట్లో కర్ర లేదు. కార్బన్ పీచుతో చేసిన గొట్టం, దానికి రెండు చివర్లా రెండు రెక్కలు. రెక్క బల్లపరుపుగా ఉండదు. లోపలికి గుంటపడి, ఒక అంచు కాస్త మడిచినట్టు ఉంటుంది. 1980ల్లో స్వీడన్ వాళ్లు ఈ రూపాన్ని కయాక్ పందేల్లోకి తెచ్చారు. అంతకుముందు తెడ్డును నీళ్లలో ముంచి తిన్నగా వెనక్కి లాగేవారు. మా రెక్క అలా కాదు, నీట్లో దిగగానే పడవకు ఎడంగా పక్కకు జరుగుతూ పట్టు తెచ్చుకుంటుంది. బలమంతా చేతులదే అనుకుంటారు చూసేవాళ్లు. నడుము తిరగాలి, పాదాలు పడవలోని పలకను తన్నిపట్టాలి. అప్పుడే నేను పనిచేస్తాను.

ఇప్పుడు నేనుండేది ఢిల్లీలో, మునిర్కా పాత ఊరి గల్లీలో, మూడో అంతస్తు గదిలో. నడిమికి విడదీసి రెండు ముక్కలుగా బీరువా మీద పెట్టారు. నన్ను తెచ్చిన అమ్మాయిది రాజమండ్రి. జేఎన్‌యూలో ఆఫ్రికా అధ్యయనాల విభాగంలో పరిశోధన చేస్తోంది. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. ఆ ఏడాది మొదలు దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్ల కథ ఆమె విషయం. పాత కాగితాల కోసం డర్బన్ వెళ్లి, అక్కడి నదికి అలవాటుపడింది. ఐదో తరం తెలుగు కుటుంబం ఒకటి నన్ను ఆమె చేతిలో పెట్టింది. వాళ్ల అబ్బాయి నాతోనే డూజీ పందెం వేసేవాడు.

డూజీ అంటే పెద్ద పరీక్ష. గాంధీగారిని 1893లో రైల్లోంచి దించేసిన పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో మొదలవుతుంది. మూడు రోజులు, దాదాపు 120 కిలోమీటర్లు. ఎంసుందూజీ నది వెంట దిగి, రెండో రోజు ఉమ్‌గేనీలో కలిసి, వెయ్యి కొండల లోయ దాటి, ఇనాండా జలాశయం చేరాలి. మూడో రోజు ఆనకట్ట దిగువన రాళ్ల మీద నీళ్లు పరవళ్లు తొక్కుతుంటాయి. పడవ వెళ్లలేని చోట, లేదా నది పెద్ద వంపు తిరిగిన చోట, పడవను భుజానికెత్తుకుని కొండలెక్కి పరుగెత్తాలి. నన్ను మాత్రం చేత్తో పట్టుకునేవాడు. వాడి ఊపిరి ఎగబీల్చడం నాకు వినబడేది.

1951 డిసెంబరులో తొలి పందానికి ఎనిమిది మంది దిగితే గమ్యం చేరింది ఇయాన్ ప్లేయర్ ఒక్కడే. దారిలో పాము కాటేసినా ఆరు రోజులకు పైగా నదిని వదల్లేదు. తర్వాత తెల్ల ఖడ్గమృగాలను అంతరించిపోకుండా కాపాడిన మనిషీ ఆయనే. ఆ ఎనిమిది మందీ తెల్లవాళ్లు. అది జాతివివక్ష చట్టాల కాలం. 2008లో మైకేల్ ఎంబాంజ్వా అనే నల్లజాతి యువకుడు మార్టిన్ డ్రేయర్‌తో జంటగా ఇదే పందెం గెలిచాడు. ఆ మధ్య గడిచిన ఏళ్లను తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

నీళ్ల సంగతీ చెప్పాలి. మురుగు కలిసిన ఎంసుందూజీ నోట్లో పడితే వచ్చే విరేచనాలకు పందెగాళ్లు డూజీ పేరే పెట్టుకున్నారు. ఇక్కడికొచ్చాక యమునను చూశాను. వజీరాబాద్ నుంచి ఓఖ్లా దాకా 22 కిలోమీటర్లు. నది మొత్తం పొడవులో రెండు శాతం కూడా ఉండని ఆ ముక్కలోనే దాని కాలుష్యంలో ముప్పాతిక వంతు చేరుతుందంటారు. కాళిందీ కుంజ్ దగ్గర తెల్లటి నురగ తేలుతుంటే ఆమె ఒడ్డునే నిలబడింది. నన్ను తడపలేదు.

అయితే ఆ పందెం దారిలో నా మనసు నిలిచేది కొండల్లో కాదు, చివరి మైదానంలో. పందెం ముగిసే బ్లూ లగూన్‌కు కాస్త ముందు, నది వెడల్పై సముద్రం వైపు సాగే చోట స్ప్రింగ్‌ఫీల్డ్. ఒప్పందం తీరిన కూలీలు అక్కడ కూరగాయలు పండించుకుని డర్బన్‌లో అమ్మేవారు. 1917 అక్టోబరులో ఉమ్‌గేనీ పొంగి వాళ్ల రేకుల ఇళ్లను ముంచెత్తింది. మరియముత్తు పడవట్టన్, ఇంకో ఐదుగురు భారతీయ జాలరులు తమ వేట పడవతో ఆ వరదలోకి దిగి 176 మందిని ఒడ్డు చేర్చారు. పందెం పడవలు వేగం పెంచేది అక్కడే. గెలుపు దగ్గరపడ్డ ఉత్సాహంలో ఎవరూ ఆ ఒడ్డు వంక చూడరు. మా అమ్మాయి మాత్రం తెడ్డు ఆపి చూసింది. ఆమె సిద్ధాంత వ్యాసంలో ఆ వరదకు ఒక అధ్యాయమే ఉంది.

గదిలో మరో పిల్ల ఉంది, శ్రీకాకుళం నుంచి వచ్చింది. నా రెక్క నిమిరి, “అక్కా, దీన్ని గోదాట్లో వెయ్యొచ్చా?” అని అడిగింది.

“వేస్తానే. పోలవరం ఆనకట్ట కింద నుంచి మన రోడ్డు రైలు వంతెన దాకా 34 కిలోమీటర్లు. డూజీ మూడో రోజు కంటే రెండు తక్కువ, అంతే.”

వరద తీసి నీరు తేరాక మా అమ్మాయి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాలని అనుకుంటోంది. లైఫ్ జాకెట్ కొంది. పడవ ఎక్కడ దొరుకుతుందో వాకబు చేస్తోంది. నిన్న రాత్రి వాళ్ల నాన్నతో ఫోన్లో చాలాసేపు మాట్లాడింది.

“ఒంటరిగా వద్దమ్మా. జాలరి పడవ ఒకటి నీ వెనకాలే రావాలి.”

“మాట్లాడాను నాన్నా. పట్టిసీమ నుంచి ఇద్దరొస్తామన్నారు.”