కళాయి పోయిన చెంబు

మాది బుడితి. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలో కంచుకీ ఇత్తడికీ పేరుపడ్డ ఊరు. కొలిమిలో పుట్టి, పెళ్లిసారెలో ఒక ఇల్లాలి చేతికొచ్చి, ఆవిడతోపాటే రాయ్‌పూర్ చేరాను. విజయనగరంలో బండెక్కితే బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా ఇక్కడ దిగుతాం. 1931లో ఆ లైను పూర్తయ్యాక మనవాళ్లు చాలామంది ఈ దారినే వచ్చి ఇక్కడే స్థిరపడిపోయారు. రైల్వే కాలనీల్లో ఇప్పటికీ ఉత్తరాంధ్ర యాస వినపడుతుంది.

మంచినీళ్ల చెంబుగా చాలాకాలం మర్యాదగానే బతికాను. స్టీలొచ్చి నన్ను అటకెక్కించింది. దింపింది ఆ ఇల్లాలి మనవరాలు.

"మామ్మా, ఈ చెంబు నేను తీసుకుంటానే."

"ఏటి చేసుకుంటావే దాంతో?"

"బ్రష్షులు కడుక్కుంటాను."

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చింతపండేసి తోముకో తల్లీ, నల్లబడిపోద్ది" అంది. అంతే, నా ఉద్యోగం మారిపోయింది.

ఈ పిల్ల ఖైరాగఢ్‌లో చిత్రకళ చదివింది. అక్కడి రాజావారూ రాణిగారూ కూతురు ఇందిర పేరుతో తమ కోటనే ఇచ్చేస్తే 1956లో వెలసిన సంగీత కళా విశ్వవిద్యాలయం అది. ఈమె వేసేవి యాక్రిలిక్ బొమ్మలు. వాటిలో మనిషి ఉండడు, చెట్టు ఉండదు, గుడిసె ఉండదు. రంగు ఉంటుంది, రంగు ఆగిన చోట ఇంకో రంగు ఉంటుంది. వాటికి 'జ్యేష్ఠం', 'తొలి వాన', 'దిగులు' అని పేర్లు పెడుతుంది. చూడవచ్చినవాళ్లు ముందు పేరు చదివి, తర్వాత బొమ్మలో దాన్ని వెతుక్కుంటారు. దొరక్కపోతే తలాడించి ముందుకి కదులుతారు. నేనైతే బొమ్మకి ఇవతల, నీళ్లలో ఉంటాను కాబట్టి నాకు తెలిసిన సంగతి వేరు.

యాక్రిలిక్ అంటే సగం నీళ్ల వ్యవహారమే. రంగుపొడీ, కంటికి కనపడనంత సన్నని ప్లాస్టిక్ రేణువులూ నీళ్లలో తేలుతూ ఉంటాయి. నీరు ఎగిరిపోగానే ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొరైపోతాయి. ఆ తర్వాత మళ్లీ ఎన్ని నీళ్లు పోసినా కరగవు. తడిగా ఉన్నప్పుడు ఆ ప్లాస్టిక్ పాలలా తెల్లగా ఉంటుంది కాబట్టి రంగు లేతగా కనపడుతుంది, ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. కొత్తలో ఈమె పొద్దున వేసిన ఆకాశాన్ని సాయంత్రం చూసి, "ఇంత నీలం నేనెప్పుడు వేశానూ?" అనుకునేది.

అందుకే నా లెక్కలో ఋతువు బొమ్మలోకి భావంగా రాదు, ఆరడంగా వస్తుంది.

ఇక్కడివాళ్లు నౌతపా అంటారు, మన రోహిణి కార్తే. మే చివరి వారంలో మొదలవుతుంది, 44, 45 డిగ్రీలు. అలాంటి ఒక మధ్యాహ్నం చూశాను: ఆమె గుడ్డమీద జేగురు రంగు ఒక పట్టీ లాగింది. బ్రష్షు నాలో ముంచి, విదిల్చి, పసుపు తీసుకుని తిరిగేసరికి జేగురు అంచు బిగుసుకుపోయింది. కలుపుదామనుకున్న రెండు రంగులూ కలవలేదు. పసుపు దాని మీద గట్టు కట్టుకుని కూర్చుంది. నీళ్లు చిలకరించింది, పాలెట్ మీద తడిగుడ్డ కప్పింది, తిట్టుకుంది. చివరికి ఆ గట్లనే ఒప్పుకుని, పక్కన ఇంకొకటి, దాని పక్కన మరొకటి వేసుకుంటూ పోయింది. ఆ బొమ్మ చూసి ఒకాయన, "ఎండకి బీటలువారిన పొలం, ఎంత బాగా పట్టారండీ" అన్నాడు. పట్టింది ఎండే.

శ్రావణంలో కథ తిరగబడుతుంది. గాల్లోనే తడి. వేసిన నీలం గంటైనా ఆరదు. మడుగు కట్టి, పల్లం చూసుకుని, పక్కనున్న గోధుమరంగులోకి జొరబడి, అంచుల్లో తీగలు సాగుతుంది. ఆమె గుడ్డని కొంచెం ఎత్తి, కొంచెం వంచి, మిగతాది నీటికి వదిలేస్తుంది. చలికాలం రాత్రులు ఇంకో తంటా. పది డిగ్రీలకి దిగితే ఆ రేణువులు సరిగా అతుక్కోవు, పొర పెళుసై పగుళ్లిస్తుంది. అందుకని పుష్యంలో మధ్యాహ్నం పన్నెండు దాటితే గాని ట్యూబు మూత తియ్యదు.

మనోభావాల సంగతా? అదీ నీళ్లలోనే తెలుస్తుంది. మనసు బాగుంటే గంటకోసారి నన్ను ఒలకబోసి కొత్త నీళ్లు పడుతుంది, పసుపు పసుపుగా నిలుస్తుంది. విసుగులో ఉంటే మార్చదు. ఆ మడ్డి నీళ్లలోనే ముంచి తీస్తుంది, ప్రతి రంగుకీ బూడిద అంటుకుంటుంది. జనం ఆ బొమ్మ ముందు ఎక్కువసేపు నిలబడి విషాదం అంటారు.

యాక్రిలిక్‌ని నీళ్లరంగులాగా కలపొచ్చు, నూనెరంగులాగా దట్టించొచ్చు, ఆరేదాకా వారాలు కాచుకోనక్కర్లేదు. ఈ సుఖం మరిగినవాళ్లలో పెద్దవాళ్లే ఉన్నారు. సయ్యద్ హైదర్ రజా 1922లో మాండ్లా జిల్లా బాబరియాలో పుట్టాడు. తండ్రి అడవి శాఖలో ఉద్యోగి. అప్పట్లో మాండ్లా, రాయ్‌పూర్ రెండూ సెంట్రల్ ప్రావిన్సెస్ కిందివే. 1950లో పారిస్ వెళ్లాడు, 1962లో అమెరికాలో బర్క్‌లీలో పాఠాలు చెప్పాడు. ఆ తర్వాతే నూనెరంగులు తగ్గించి యాక్రిలిక్ వైపు తిరిగాడు. చిన్ననాటి అడవి, ఎర్రమట్టి, చీకటి ఆ రంగుల్లోనే బయటికొచ్చాయి. 1983లో వేసిన 'సౌరాష్ట్ర' రెండు మీటర్ల చదరం, యాక్రిలిక్. 2010లో లండన్ వేలంలో 16 కోట్ల రూపాయలు దాటింది. దానికి ఎన్ని చెంబుల నీళ్లు పట్టాయో మాత్రం ఎవరూ రాయలేదు.

మనవాళ్లలో ఈమె పదేపదే తలుచుకునేది సూర్యప్రకాశ్‌ని. 1940లో ఖమ్మం జిల్లా మధిరలో పుట్టిన చిత్రకారుడు. మొదట తుప్పు పట్టిన పాత కార్లని వేశాడు, తర్వాత తామరకొలనుల్లోకి దిగి, నీటి మీద పడ్డ ఆకాశాన్నే ఏళ్ల తరబడి వేశాడు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనే ఆయన స్టూడియో ఉండేది. చూపు కోసం వచ్చినవాళ్ల మధ్య కూర్చుని రంగులు వేసిన మనిషి. నాకు నచ్చింది మాత్రం తుప్పు దగ్గర మొదలవడం. లోహం బాధ తెలిసినవాడు.

ఒకసారి నన్నూ బయటికి తీసుకెళ్లింది. 1875లో రాజనాందగావ్ మహంత్ ఘాసీదాస్ పుణ్యమా అని వెలసిన ఎనిమిది పలకల పాత మ్యూజియం భవనంలో ఇప్పుడు కళావీథిక ఉంది. అక్కడ అందరి ముందూ బొమ్మ వెయ్యాలి. ఒక పెద్దావిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఎంతసేపటికీ చెట్టూ పుట్టా రాకపోయేసరికి, "యే కా హే బేటీ?" అని ఛత్తీస్‌గఢీలో అడిగింది. "వాన వచ్చేముందు తెలీబాంధా చెరువు, దాదీ." ఆవిడ గుడ్డకేసి చూసింది, నాకేసి చూసింది. నాలో అప్పటికి ఆకుపచ్చా ఊదా కలిసి తిరుగుతున్నాయి. "చెరువు ఇదే కదమ్మా" అని నన్ను చూపించింది. చుట్టూ నవ్వారు. నేను మాత్రం ఆవిడ పక్షమే.

ఈ నీళ్లని ఎక్కడ పొయ్యాలన్నది ఇంకో గొడవ. మొదట్లో జామచెట్టుకి పోసేది. అది నీళ్లు కాదు, ప్లాస్టిక్ అని తెలిశాక మానేసింది. కాలువలో పోస్తే చివరికి ఖారూన్ నదికే చేరుతుంది. ఇప్పుడు బకెట్‌లో పోసి పటిక వేస్తుంది. వానాకాలం బురదనీళ్లకి మామ్మ చేసిన పనే. రంగంతా ముద్దకట్టి అడుక్కి దిగుతుంది, పైనీళ్లు తేరుకుంటాయి. ఆ ముద్దని ఎండబెట్టి చెత్తబుట్టలో వేస్తుంది. ఏ ఋతువు రంగులైనా అడుగున ఒకే బూడిదరంగు.

ఇక నా గొడవ. ట్యూబు మూత తియ్యగానే సన్నగా ముక్కుకి తగిలే ఘాటు ఉంటుంది చూశారా, అది అమ్మోనియా. రంగు చెడకుండా కాస్త కలుపుతారు. ఇత్తడిలోని రాగికి అది గిట్టదు. నా లోపలి కళాయి ఎప్పుడో అరిగిపోయింది, ఇప్పుడు అడుగంతా నీలిపచ్చ చిలుము. ఈమె అది చూసి ముచ్చటపడి, ఆ రంగు కలపాలని రెండు రోజులు తంటాలు పడింది. నన్ను తోమడం తోచలేదు.

మామ్మకి కంటపడింది. "కళాయి ఏయించవే దానికి" అని కేకేసింది. ప్లాస్టిక్ మగ్గు కొనుక్కుంటానంది మనవరాలు, కొంది కూడా. పొడవు బ్రష్షు నిలబెట్టగానే అది బోర్లాపడి, పూర్తికావచ్చిన 'కార్తీకం' సగం కొట్టుకుపోయింది. నా బరువు విలువ అప్పుడు తెలిసింది.

కళాయి వేసేవాడు మాత్రం దొరకడం లేదు. పూర్వం వీధిలోకే వచ్చేవాడు. పాత్ర కాల్చి, నవసారం చల్లి, తగరం రాసి, దూదితో ఒక్క తిప్పు తిప్పితే లోపల వెండి మెరుపు. ఆ నవసారం పొగలోనూ అమ్మోనియాయే ఉంటుంది, మరి. గోల్ బజార్ పాత్రల దుకాణాల్లో వాకబు చేస్తే, ఒకాయన ఉన్నాడు, ఊరెళ్లాడు, వచ్చే నెల రమ్మన్నారట. వచ్చే నెలంటే రోహిణి. గంటకి రెండుసార్లు నీళ్లు మార్చాల్సిన కాలం, నన్ను దుకాణంలో వదిలిపెట్టి ఈమె రెండు రోజులు ఉండగలదా అని నా అనుమానం.